ఆ వీడియో పెట్టింది మీరు కాదు

"పెళ్లయి పన్నెండేళ్లయింది. మావారు ఒక పార్టీకి వీరాభిమాని, మా అన్నయ్య అవతలి పార్టీ. ఎన్నికలు దగ్గరపడ్డాక మావారు నా ఫోన్ తీసుకుని నా పేరుతోనే వీడియోలు షేర్ చేస్తున్నారు. అన్నయ్యకు ఇష్టమైన నాయకుడిని తిట్టే వీడియో ఒకటి మా ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లింది. అప్పట్నుంచి అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. అది నిజమేనని ఈయన, ఫేక్ అని అన్నయ్య. ఏది నిజమో తెలుసుకునేదెలా? గ్రూపులోంచి వచ్చేయమంటారా?"

గ్రూపులో ఉన్నా, బయటికొచ్చినా ఏమీ మారదమ్మా. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. వీడియోల సంగతి రెండు మాటల్లో చెబుతాను. వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా 2020లో కట్టడి పెట్టారు. ఇక పోలింగ్‌కు రెండు రోజుల ముందు వచ్చే సంచలనాన్ని అసలు ముట్టుకోకండి. 2023లో స్లొవేకియాలో సరిగ్గా అప్పుడే, ప్రచారం ఆపేయాల్సిన సమయంలో, ఒక నాయకుడి గొంతుతో నకిలీ ఆడియో తిరిగింది. ఆ టైమ్‌లో ఖండించినా ఆ మాట ఎంతమందికి చేరుతుంది?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. "నా పేరుతోనే షేర్ చేస్తున్నారు" అని రాసి, అదేదో మామూలు విషయమైనట్టు దాటిపోయారు. అన్నయ్యతో గొడవ దాని తర్వాత వచ్చిందే. అదే వీడియో మీవారి నంబర్ నుంచి వస్తే, బావ సంగతి తెలిసిందేగా అని అన్నయ్య వదిలేసేవాడు. చెల్లెలి పేరు చూశాడు కాబట్టి నొచ్చుకున్నాడు.

2010లో అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ 6 కోట్ల మందికి పైగా ఓటేయమనే సందేశం చూపించింది. కొందరికి ఉత్త సందేశమే. మిగతా వాళ్లకు దాంతో పాటు, ఓటేశామని చెప్పిన స్నేహితుల ఫొటోలు కూడా. ఉత్త సందేశం చూసినవాళ్లలో తేడా ఏమీ కనబడలేదు. తెలిసిన ముఖాలు చూసినవాళ్లే కాస్త ఎక్కువగా ఓటుకు కదిలారు, అందులోనూ దగ్గరి స్నేహితుల ప్రభావమే ఎక్కువ. మీవారికి ఈ లెక్కలు తెలియకపోవచ్చు. కానీ తన మాట చెల్లని చోట మీ పేరు చెల్లుతుందని మాత్రం తెలుసు.

భార్యాభర్తలు ఒకరి ఫోన్ ఒకరు చూసుకోవడం నాకు తప్పుగా తోచదు. ఒకరి అభిప్రాయాన్ని ఇంకొకరు రాసెయ్యడం మాత్రం దొంగ సంతకమే. యజమానికో, భూస్వామికో భయపడి ఓటేసే అవస్థ పోవాలని 1856లో ఆస్ట్రేలియాలో రహస్య ఓటు మొదలుపెట్టారు. మీ విషయంలో ఆ రహస్యాన్ని ఆయనే లోకానికి చెప్పేస్తున్నారు, అదీ మీరు ఎవరికి వేయాలనుకుంటున్నారో అడగకుండా. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన ఏమంటారో ఉంది, అన్నయ్య ఏమంటాడో ఉంది. మీరేమనుకుంటున్నారో ఎక్కడా లేదు. పన్నెండేళ్లలో మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఇది తలచుకుంటే నాకు చాలా బాధగా ఉంది.

ముందు అన్నయ్యకు ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. "ఆ వీడియో నేను పెట్టలేదు" అనండి. ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు, అర్థం చేసుకుంటాడు. మీవారిని పుట్టింటివాళ్ల ముందు దోషిగా నిలబెట్టకండి. తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయనతో నేరుగా చెప్పండి: "మీ పార్టీ మీ ఇష్టం. మీ ఫోన్ నుంచి ఎన్నయినా పెట్టుకోండి. నా పేరుతో మాత్రం నేను అనుకున్నదే వెళ్లాలి." కోపం వస్తుంది. పోలింగ్ అయ్యేదాకా ముభావంగా ఉంటారేమో, ఉండనివ్వండి. ఫోన్ లాక్ మార్చడం ఈ మాట చెప్పాకే. చెప్పకుండా మారిస్తే మీరూ ఆయన దగ్గర ఏదో దాచినట్టవుతుంది.