ఇంట్లో వస్తువులంటే లెక్కలేని భర్తతో ఎలా నెగ్గుకురావాలి?

"మావారు ఏ వస్తువునీ జాగ్రత్తగా చూడరు. పాడుచేసి, వస్తువే కదా, ఇంకోటి కొనుక్కుందాం అంటారు. గట్టిగా అడిగితే నాది చాదస్తం అంటున్నారు. నిజంగా నాదే తప్పా?" అని అడిగారు. తప్పు మీది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పక నాలుగైదేళ్ళు నన్ను నేనే అనుమానించుకున్నాను.

మా పెళ్ళయి 11 ఏళ్ళు. మావారు మంచి మనిషి, ఇంటిపనికి వెనకాడే రకం కూడా కాదు. కానీ ఆయన చేయి పడ్డ వస్తువు ఎక్కువ కాలం నిలవదు. నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు గరిటెతో గీకేస్తారు. చార్జర్ తీసేటప్పుడు ప్లగ్ పట్టుకోరు, వైరు పట్టుకుని లాగుతారు. లోపలి రాగి పోగులు మెడ దగ్గర ఒక్కొక్కటే తెగుతూ వచ్చి, ఒకరోజు అది పనిచేయడం మానేస్తుంది. ఒకసారి నాకు సాయం చేద్దామని నా ఉన్ని స్వెటర్‌ని మిగతా బట్టలతో పాటు వేడినీళ్ళలో మెషీన్‌కి వేశారు. ఉన్ని పోగుల మీద కంటికి కనిపించనంత సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి కలిస్తే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. బయటికి తీస్తే అది చిన్నపిల్లలకి పట్టే స్వెటర్ అయింది. ఆయన నిజంగానే బాధపడ్డారు. వారం తిరక్కుండా ఇంకోటి పాడైంది.

ఆ రోజుల్లో నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరూ అదే చేస్తున్నారేమో చూసుకోండి. ఏదైనా పగిలితే ముక్కలు నేనే ఏరేదాన్ని. చార్జర్ పోతే నేనే కొత్తది తెప్పించేదాన్ని. మరక పడితే ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపు తుడిచేసి, వచ్చాక మాత్రం అరిచేదాన్ని. అంటే ఆయనకు నా కోపం ఒక్కటే కనిపించేది, జరిగిన నష్టం కనిపించేది కాదు. పగిలిన గ్లాసు ఎంత దూరం చెల్లాచెదురైందో, ఆ ముక్కలు ఏరడానికి ఎంతసేపు పట్టిందో ఆయనకు తెలిసే అవకాశమే నేనివ్వలేదు. అందుకే ఆయన లెక్కలో సమస్య గ్లాసు కాదు, నా నోరు.

ఇది మారింది ఒక బల్ల దగ్గర. నేను చదువుకునే రోజుల్లో మా నాన్న చేయించి ఇచ్చిన చెక్క బల్ల అది. మా నాన్న ఇప్పుడు లేరు. దానిమీద మావారు రోజూ చల్లటి నీళ్ళ గ్లాసు పెట్టేవారు, ఒక్కోసారి రాత్రంతా అలాగే వదిలేసేవారు. ఒకరోజు పొద్దున దుమ్ము తుడుస్తుంటే తెల్లటి గుండ్రటి మచ్చలు కనిపించాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి నాలుగు. వాటి పక్కనే ఒక నల్లటి మచ్చ. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఆ రోజు మొదటిసారి నేను తుడవలేదు, అరవలేదు. ఆయన వచ్చాక బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, "తడి గ్లాసు పెట్టడం వల్ల ఇలా అయింది. ఇది మా నాన్న బల్ల. నాకు చాలా కష్టంగా ఉంది. దీన్ని మీరే బాగుచేయాలి" అన్నాను. నాలుగే ముక్కలు. "మీకు ఎప్పుడూ అంతే, దేనిమీదా శ్రద్ధ లేదు" అనే పాత మాట నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. భార్యాభర్తల గొడవల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ రెంటికీ తేడా చూపిస్తారు. జరిగిన పని గురించి చెప్పేది ఫిర్యాదు, మనిషి గుణాన్ని పట్టుకుని అనేది నింద. నింద విన్న మనిషి తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు, ఇక బల్ల ఎవరికీ గుర్తుండదు. మా ఇంట్లో అన్నేళ్ళూ జరిగింది సరిగ్గా అదే.

తర్వాతి ఆదివారం ఆయనే కూర్చున్నారు. తెల్ల మచ్చ అంటే తేమ పైన పాలిష్ పొరలోనే ఆగిందన్న మాట. హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడిలో పెట్టి, ఒకేచోట ఆపకుండా మెల్లగా తిప్పుతూ ఉంటే చాలాసార్లు పోతుంది. మచ్చ అంచుల నుంచి లోపలికి కొద్దికొద్దిగా మాయమవుతుంటే ఆయన కళ్ళార్పకుండా చూస్తున్నారు. నాలుగు మచ్చలకీ కలిపి గంటన్నర పట్టింది. నల్ల మచ్చ మాత్రం అలా పోదు, నీరు చెక్కలోకి దిగిపోయిందని అర్థం. దానికి పాత పాలిష్ తీసేసి, శాండ్‌పేపర్‌తో చెక్క నారల వెంటే రుద్ది, మళ్ళీ పాలిష్ పూత వేయాలి. అది ఇంకో రెండు ఆదివారాలు తీసుకుంది. రెండో ఆదివారం చేతులు దులుపుకుంటూ, "ఇంత పని ఉంటుందనుకోలేదు" అన్నారు. నేను అన్నేళ్ళు అరిచి చెప్పలేకపోయింది ఆ మచ్చే చెప్పింది.

కాబట్టి మీకు నా సలహా ఒక్కటే. పాడైనదాన్ని మీరు సర్దేయకండి. ముక్కలు ఆయన్నే ఏరనివ్వండి, రిపేరుకు ఆయన్నే తీసుకెళ్ళనివ్వండి, దొరక్కపోతే ఆయన్నే వెతకనివ్వండి. శిక్షలా కాదు, మామూలుగా. మొదట్లో చూస్తూ ఊరుకోవడం చాలా కష్టం, ఇంట్లో పగిలిన వస్తువు రెండు రోజులు అలాగే పడి ఉంటుంది. ఓర్చుకోండి.

ఇంకోటి, అన్ని వస్తువుల కోసమూ పోరాడకండి. నాకు ప్రాణమైనవి ఐదో ఆరో ఉన్నాయి, అవి ఏవో ఆయనకు చూపించి చెప్పాను. రోజూ వాడే కప్పులు, ప్లేట్లు పగిలినా బాధలేని రకానికి మార్చేశాను. మన వస్తువు మనకు ఉన్నంత విలువైనదిగా ఎదుటివాళ్ళకు కనిపించదు, అది మనుషుల స్వభావం. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు కొందరికి కాఫీ కప్పులిచ్చి చూశారు. కప్పు చేతికొచ్చినవాళ్ళు అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్ళు కొనడానికి ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. చేతికొచ్చి కాసేపైన కప్పుకే అలా ఉంటే, నాన్న ఇచ్చిన బల్ల సంగతి చెప్పాలా? ఆయనకు దాని విలువ దానంతట అది తెలియదు, మనమే చెప్పాలి.

అలవాటు మార్చడానికి "జాగ్రత్తగా ఉండండి" అనే మాట ఎందుకూ పనికిరాలేదు. "లోపలికి రాగానే తాళాలు ఈ కొక్కేనికి", "గ్లాసు చేతిలో ఉంటే ముందు గుడ్డ ముక్క" లాంటివి పనిచేశాయి. ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే అనుకుంటే ఆ పని గుర్తుండి జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పింది కూడా ఇదే. కొక్కెం తలుపు పక్కనే ఉండాలి, నాలుగడుగులు దూరమైతే తాళాలు మళ్ళీ సోఫా మీదికే వెళ్తాయి.

ఒక్క విషయం మాత్రం గమనించండి. ఆయన తన ఫోన్‌నీ, తన బండినీ కూడా ఇలాగే చూసుకుంటారా? అవునంటే అది అలవాటు, పైన చెప్పినవి పనికొస్తాయి. చిన్నప్పటి నుంచీ వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టిన పని మధ్యలో మరిచిపోవడం లాంటివి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇబ్బంది పెడుతుంటే ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) కూడా కావచ్చు, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించడంలో తప్పులేదు. అలా కాకుండా తనవి అపురూపంగా దాచుకుని మీవే పాడుచేస్తుంటే, అప్పుడు మాట్లాడాల్సింది వస్తువుల గురించి కాదు, మీకిచ్చే మర్యాద గురించి. కోపంలో విసిరికొట్టడం, మీకు ఇష్టమైనదాన్ని కావాలని పగలగొట్టడం ఉంటే దయచేసి దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. అది మిమ్మల్ని భయపెట్టడం. ఒంటరిగా మోయకుండా మీరు నమ్మేవాళ్ళకి చెప్పండి.

మావారు ఇప్పటికీ చార్జర్‌ని వైరు పట్టుకునే లాగుతారు. దానికి నేనేమీ అనను, కొత్తది ఆయనే తెచ్చుకుంటారు. బల్ల మీద మాత్రం మడిచిన గుడ్డ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొన్న ఇంటికొచ్చినవాళ్ళ అబ్బాయి నేరుగా బల్ల మీదే గ్లాసు పెట్టబోతే, నేను లేచేలోపే ఆయన లేచి గుడ్డ జరిపారు.