వాడు ఇంట్లో ఎందుకు చెప్పలేదు?

"మేడమ్, మా అబ్బాయికి పదిహేనేళ్ళు, తొమ్మిదో తరగతి. ఏడాది కిందటి వరకు స్కూల్ నుంచి రాగానే బ్యాగు పడేసి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఇప్పుడు గది తలుపు వేసుకున్నాడంటే భోజనానికి పిలిస్తేనే బయటికి రావడం. ఏమడిగినా 'ఏం లేదు' అంటాడు, రెట్టించి అడిగితే అరుస్తాడు. లెక్కల్లో మార్కులు బాగా పడిపోయాయి. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే 'మీరే గారాబం చేసి పాడుచేశారు' అన్నారు. మావారేమో 'అంతా ఆ ఫోను, ఆ స్నేహాలు, కాలమే పాడైపోయింది' అంటారు, కోపం వస్తే చెయ్యి చేసుకుంటారు. మా ఆడపడుచు కొడుకుదీ ఇదే వయసు, క్లాసులో ఫస్టు, నలుగురు బంధువులు కలిస్తే వాడి మాటే. పోయిన నెల మావాడు నిద్రపోతుంటే ఫోను తీసి చూశాను. నాలుగు రోజులు లెక్కల క్లాసు ఎగ్గొట్టి స్నేహితులతో గ్రౌండ్ వెనక కూర్చున్నాడని తెలిసింది. సార్ మళ్ళీ బోర్డు దగ్గరికి పిలుస్తాడేమోనని ఏదో రాసుకున్నారు. 'మీ ఇంట్లో చెప్పరా' అని స్నేహితుడంటే 'చెబితే ఏమవుతుందో నీకు తెలీదు' అన్నాడు. నిలదీశాను. మావారు కొట్టారు. ఆ రోజే పాస్‌వర్డ్ మార్చేశాడు. మూడు వారాలైంది, నాతో మాట్లాడటం లేదు. తప్పు మాదా, స్కూల్‌దా, సమాజానిదా? వాణ్ణి మళ్ళీ దారిలో పెట్టడం ఎలా? — ఒక తల్లి"

మీరు చివర్లో అడిగిన ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం. మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం ఒకటుంది, నేను అక్కడే ఆగిపోయాను. సార్ మళ్ళీ బోర్డు దగ్గరికి పిలుస్తాడేమోనని "ఏదో రాసుకున్నారు" అన్నారు చూడండి, ఆ "ఏదో" లోనే చాలా ఉంది. "మళ్ళీ" అన్నాడంటే అంతకుముందు ఒకసారి పిలిచారన్నమాట. క్లాసంతా చూస్తుండగా సుద్దముక్క పట్టుకుని నిలబడి, లెక్క ముందుకు కదలక, వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వితే ఎలా ఉంటుందో మనం పెద్దయ్యాక మర్చిపోయాం. వాడికి అది నిన్నగాక మొన్న జరిగింది. రెండు మెసేజ్‌లు పట్టుకుని ఇంత దూరం ఊహించడం నా అతి తెలివి కూడా కావచ్చు, అసలేం జరిగిందో వాడే చెప్పాలి. కానీ ఒకవేళ అదే నిజమైతే ఒకసారి వరస చూడండి. బడిలో అవమానం జరిగింది. ఇంట్లో చెబితే దెబ్బలు పడతాయి. పోనీ ఊరుకుందామంటే, ఆదివారం ఎవరో ఒక చుట్టం వచ్చి మేనత్త కొడుకు మార్కులు చదువుతాడు. ఈ మూడూ కలిసి వాణ్ణి గ్రౌండ్ వెనక్కి నెట్టాయి, అక్కడ ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఏమీ అడక్కుండా పక్కన కూర్చోనిచ్చారు.

అందుకే తప్పు ఎవరిదో వాటాలు తేల్చి చెప్పడం నావల్ల కాదు. యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లోనే ఈ సంగతి వివరంగా చెప్పాడు. పిల్లల చుట్టూ ఇల్లు, బడి, స్నేహితులు, వాటి అవతల తల్లిదండ్రుల ఉద్యోగాలు, సమాజం నమ్మే విలువలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా ఉంటాయి. ఏ వలయం ఎలా ఉందన్నది ఎంత ముఖ్యమో, ఇల్లూ బడీ ఒకదానితో ఒకటి ఎలా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. మీ విషయంలో ఆ రెండూ కలిసింది ఒక్కసారి, అదీ నింద వెయ్యడానికి. ఒక పిల్లాడు నాలుగు రోజులు క్లాసులో కనబడకపోతే మీకు ఒక్క ఫోను రాలేదు, గారాబం గురించి మాత్రం ఉపన్యాసం వచ్చింది. వాళ్ళు మిమ్మల్నంటే మీరు వచ్చి పిల్లాణ్ణన్నారు, మీవారు ఫోన్నీ కాలాన్నీ అన్నారు. వాడికి ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కొంచెం ఊరట కలిగించే మాట. మీరు చెప్పినవాటిలో సగం "పాడైపోవడం" కాదు, వయసు చేయించే పనులు. పదేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ వరకు కౌమారం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, మీవాడు సరిగ్గా నడిమధ్యలో ఉన్నాడు. నేనెవర్ని, నాకంటూ ఏముంది అన్న వెతుకులాట ఈ వయసు అసలు పని అని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంటాడు. అది తలుపు తెరిచిపెట్టుకుని, అమ్మ చూస్తుండగా చేసే పని కాదు. ఆలోచించి ఆగే పని చూసుకునే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్ళు పడుతుంది, ఉత్సాహం, కోపం, సిగ్గు మాత్రం ఇప్పుడే నిండుగా ఉంటాయి. అందుకే మీరు రెట్టించి అడగ్గానే అరుస్తాడు, గంట తర్వాత తనకే ఎందుకో తెలీదు. అందరూ తననే చూస్తున్నారు, తన గురించే అనుకుంటున్నారు అనిపించడం కూడా ఈ వయసుదే. డేవిడ్ ఎల్‌కైండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో దీనికి "ఊహా ప్రేక్షకులు" అని పేరు పెట్టాడు. లేని ప్రేక్షకులే అంత బాధ పెడుతుంటే, నిజంగానే క్లాసు నిండా ప్రేక్షకులున్న బోర్డు దగ్గరా, హాలు నిండా చుట్టాలున్న ఇంట్లోనూ వాడి పరిస్థితి ఏంటో చూడండి.

నిద్ర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది బద్ధకం కింద జమకడతారు. ఈ వయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రాదు, పొద్దున మెలకువ రాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే 2014లో ఈ వయసు పిల్లలకి స్కూళ్ళు ఉదయం 8:30కి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. స్కూల్ టైము మార్చడం మన చేతిలో లేదు, రాత్రి ఫోను గదిలో లేకుండా చూడటం ఉంది. ఈ నియమం అందరికీ, మీకూ మీవారికీ కూడా. మీ ఫోన్లు దిండు కింద పెట్టుకుని వాడిది మాత్రం హాల్లో పెట్టమంటే మళ్ళీ గొడవే.

స్నేహితుల గురించి మీవారన్న దానిలో కొంత నిజముంది. 2005లో గార్డ్‌నర్, స్టీన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు కారు నడిపే ఒక కంప్యూటర్ ఆట ఆడించి చూశారు. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు తోటివాళ్ళు పక్కనుంటే, ఒంటరిగా ఆడినప్పటికంటే చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, ఇరవై నాలుగు దాటినవాళ్ళలో ఆ తేడా పెద్దగా లేదు. క్లాసు ఎగ్గొట్టే ధైర్యం మీవాడికి ఒంటరిగా వచ్చి ఉండదు. కానీ "ఇంట్లో చెప్పరా" అన్నది కూడా ఆ స్నేహితుడే కదా. ఆ పిల్లాడెవరో నాకు నచ్చాడు. వాణ్ణి దూరం చెయ్యకండి, ఒకరోజు ఇంటికి పిలవండి.

ఇక ఫోను. నేనూ నీతులు చెప్పేంత దాన్నేం కాదు, మా అమ్మాయి డైరీ దొంగతనంగా చదివినదాన్నే, ఆ తర్వాత అది రాయడమే మానేసింది. అంటే ఏం సంపాదించాను? మీరూ అంతే, ఒక్కసారి చూసి ఒక విషయం తెలుసుకున్నారు, దానికి బదులు ఇకముందు తెలిసేవన్నీ పోగొట్టుకున్నారు. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు 703 మంది పద్నాలుగేళ్ళ పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ అడిగి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లలు ఎక్కడుంటున్నారో ఏం చేస్తున్నారో బాగా తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువ తప్పటడుగులు వేస్తారన్నది అప్పటికే తెలుసు, దాన్ని "కాపలా కాస్తే పిల్లలు బాగుంటారు" అని అందరూ అర్థం చేసుకున్నారు. వీళ్ళు ఇంకొక ప్రశ్న వేశారు: అసలు ఆ తల్లిదండ్రులకి అవన్నీ ఎలా తెలిశాయి? చాలావరకు పిల్లలే చెప్పారు, తమంతట తాము. నిఘా వల్ల తెలిసింది దానితో పోలిస్తే కొంచెమే. ఇది చదివినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. మనం తాళాలు, పాస్‌వర్డ్‌లు, సీసీ కెమెరాలు అని తిరుగుతుంటాం, కావలసింది మాత్రం ఒక పిల్లాడు వంటగది గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, ఇవాళ ఒకటైంది" అనగలగడం. అన్నాక ఇంట్లో ఏమవుతుందన్న దాన్నిబట్టే రేపు అంటాడా లేదా అన్నది. "చెబితే ఏమవుతుందో నీకు తెలీదు" అని వాడు రాసింది దీని గురించే.

అలాగని వదిలెయ్యమనడం లేదు. క్లాసు ఎగ్గొట్టడం తప్పే, అబద్ధం చెప్పడమూ తప్పే. డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో పెంపకాల మీద పనిచేసినప్పటి నుంచి మళ్ళీ మళ్ళీ తేలింది ఏంటంటే, కట్టుబాట్లు గట్టిగా ఉండి, ఎందుకో చెప్పే ఓపికా ప్రేమా కూడా ఉన్న ఇళ్ళలో పిల్లలు మిగతావాళ్ళ కంటే బాగా నిలదొక్కుకుంటారు. ఉత్త కఠినం పనిచెయ్యదు, ఉత్త గారాబమూ పనిచెయ్యదు. మీ ఇంట్లో నాన్న కఠినం, అమ్మ గారాబం, రెండూ కలిస్తే సరిపోతుందని అనుకుంటున్నారేమో. సరిపోదు. పిల్లాడికి అవి రెండు ఇళ్ళు, ఒకదాంట్లో భయపడతాడు, ఇంకోదాంట్లో తప్పించుకుంటాడు.

మీవారితో ఒక మాట గట్టిగా చెప్పాలి, కావాలంటే ఈ భాగం ఆయన్నే చదవమనండి. సార్, కొట్టడం ఆపండి. కొడితే పిల్లల నడవడి కాలక్రమంలో బాగుపడుతుందని పరిశోధనల్లో తేలలేదు, మొండితనం, దూకుడు పెరగడం మాత్రం చాలా చోట్ల చూశారు. మిమ్మల్ని మీ నాన్నగారు కొట్టే ఉంటారు, మీరు బాగానే పైకొచ్చారు, నిజమే. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి, మీ కష్టం ఏదైనా ఆయనకు వెళ్ళి చెప్పుకున్నారా? పాడైపోయిన కాలం మీద కోపం పదిహేనేళ్ళ పిల్లాడి వీపు మీద తీర్చుకోవడం న్యాయం కాదు. సమాజం అంటే వీధి చివర ఎక్కడో ఉండేది కాదు, చుట్టాల ముందు మేనల్లుడి ర్యాంకు చెప్పి కొడుకు వైపు చూసే ఆ చూపు కూడా సమాజమే. ఈసారి ఎవరైనా ఆ మాటెత్తితే "మావాడు ఆ రోజు నాకు ఫలానా పనిలో సాయం చేశాడు" అని ఒక్క నిజమైన మాట అనండి. వాడు గదిలోంచి వింటాడు.

స్కూల్‌కి మళ్ళీ వెళ్ళండి, పోట్లాటకి కాదు. వెళ్ళేముందు వాడికి చెప్పి వెళ్ళండి, ఏం అడగాలో ఏం అడక్కూడదో వాడితోనే అనుకోండి. వాడి మెసేజ్‌లో ఉన్నది అక్కడ బయటపెట్టకండి. లెక్కల సార్‌ని "వీడికి ఏ పాఠం దగ్గర తెగిపోయింది?" అని అడగండి. లెక్కలు మెట్లలాంటివి, ఎక్కడో ఒక మెట్టు విరిగుంటుంది, చాలామందికి భిన్నాలో బీజగణితమో, దాన్ని ఎవరూ పట్టించుకోకుండా పై పాఠాలు పెట్టేస్తారు. బోర్డు దగ్గరికి కొన్నాళ్ళు పిలవకుండా నోట్‌బుక్‌లో చూడమని కోరండి. ఆయన కసురుకుంటే బాధపడకండి, స్కూల్లో వాడికి ఇష్టమైన ఇంకో టీచర్ ఉంటారు, డ్రాయింగ్ టీచరో పీటీ సారో, వాళ్ళని కలవండి. నన్ను పట్టించుకునేవాళ్ళు ఇక్కడ ఒక్కరున్నారని పిల్లాడికి తెలిస్తే బడికి వెళ్ళబుద్ధవుతుంది.

ఒక్క జాగ్రత్త. మూడు వారాల మౌనం అలక కావచ్చు. కానీ తిండి, నిద్ర బాగా తగ్గినా, ఇష్టంగా ఆడేవన్నీ మానేసినా, స్నేహితుల్ని కూడా దూరం పెట్టినా, ఒంటి మీద గాట్లు కనబడినా, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాట వచ్చినా ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి వెనకాడకండి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం నిజం కాదు, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది.

ఇక మొదటి మాట మీదే. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, పక్కపక్కన నడుస్తున్నప్పుడో ఇద్దరూ ఏదో పనిలో ఉన్నప్పుడో చెప్పండి: "నీ ఫోను నిన్నడక్కుండా చూశాను, అది తప్పు. ఇంకెప్పుడూ అలా చూడను. నాన్న కొట్టడం కూడా తప్పే, ఆయనతో మాట్లాడాను. క్లాసు మానెయ్యడం గురించి మనం మాట్లాడుకోవాలి, ఇప్పుడే అక్కర్లేదు. బోర్డు దగ్గర ఏమైందో చెప్పాలనిపిస్తే నేను వింటాను, తిట్టను." అంతే, "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించకండి, క్షమాపణంతా ఆ తోకలో కొట్టుకుపోతుంది. కొత్త పాస్‌వర్డ్ అడక్కండి. వాడు "ఊఁ" అని లోపలికెళ్ళి తలుపు వేసుకోవచ్చు, వేసుకోనివ్వండి. వారమో పది రోజులో పోయాక బూటు చిరిగిందనో, ఆటలో ఎవరో గోల్ కొట్టారనో ఏదో పనికిరాని కబురు మోసుకొస్తాడు. అప్పుడు చేతిలో పని పక్కన పెట్టి ఆ బూటు గురించే మాట్లాడండి, లెక్కల ఊసెత్తకండి.