టెక్ సందేహాలు: రీఫ్రెష్ చేస్తేనే పేరు పూర్తిగా కనిపిస్తోంది

ప్రశ్న: మిర్చి ధరలు చూపే వెబ్ పేజీ తయారు చేస్తున్నాను. మిర్చి రకం పేరు వెడల్పును జావాస్క్రిప్ట్‌తో కొలిచి, దానికి సరిపడా పెట్టె గీస్తున్నాను. ‘తేజ’ బాగానే వస్తోంది. ‘దేవనూరు డీలక్స్’ మాత్రం మొదటిసారి తెరిచినప్పుడు చివర తెగుతోంది. రీఫ్రెష్ చేస్తే సరిపోతోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రీఫ్రెష్‌తో సరిపోతోందన్న మాటలోనే సగం జవాబు ఉంది. మీ కోడ్ తొందరపడి కొలుస్తోంది. మీరు ఎంచుకున్న తెలుగు ఫాంటు డౌన్‌లోడ్ అయ్యేలోగా బ్రౌజర్ ఫోనులో ఉన్న మరో ఫాంటుతో అక్షరాలు చూపిస్తుంది. తమ్ముడి కొలతలతో అన్నకు చొక్కా కుట్టినట్టు, పెట్టె ఆ ఫాంటుకే తయారవుతుంది. రెండోసారి అసలు ఫాంటు, బ్రౌజర్ దాచుకునే తాత్కాలిక నిల్వ అయిన క్యాష్‌లో ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. అనుమానం తీరాలంటే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో క్యాష్ ఆపి, నెట్ వేగం తగ్గించి చూడండి. ప్రతిసారీ తెగితే కారణం ఇదే.

ఫాంట్లు వచ్చేశాయని తెలిపే ‘డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ’ పూర్తయ్యాక కొలవమని చాలామంది చెబుతారు. తెలుగుకు అది ఒక్కటే చాలదు. గూగుల్ ఫాంట్స్ వంటి సేవలు ఫాంటును లిపుల వారీగా ముక్కలు చేసి ఇస్తాయి. పేజీలో తెలుగు అక్షరం పడేదాకా తెలుగు ముక్క రాదు. మీ ధరలు సర్వర్ నుంచి ఆలస్యంగా వస్తే, అప్పటికే ‘రెడీ’ అయిపోయి ఉంటుంది. అందుకే కావలసిన ఫాంటును అడిగి తెప్పించే ‘డాక్యుమెంట్.ఫాంట్స్.లోడ్’ వాడండి. ఫాంటు సైజు, పేరుతో పాటు రెండో విలువగా మిర్చి రకం తెలుగు పేరునే ఇవ్వండి. అది ఇవ్వకపోతే బ్రౌజర్ ఒక్క ఖాళీ స్థలానికి కావలసిన ముక్కనే తెస్తుంది.

అక్షరం అక్షరం విడిగా కొలిచి కూడుతుంటే వెంటనే మానేయండి. ‘డీలక్స్’ యూనికోడ్‌లో 7 సంకేతాలు, మనం చదివేది 3 అక్షరాలు. ఒత్తులు, గుణింతాలు కలిసినప్పుడు వెడల్పు మారిపోతుంది. పదాన్ని మొత్తంగానే కొలవాలి.

నన్నడిగితే ఇక్కడ కొలతే అక్కర్లేదు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో వెడల్పును ‘మ్యాక్స్-కంటెంట్’ అని పెట్టండి. ఫాంటు మారితే పెట్టెను బ్రౌజరే సర్దుతుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి, తెలుగును చివరికి వదిలేసే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. మీ పేజీ చూసేది తన సరుకు ధర తెలుసుకోవాలనుకునే రైతు. ఆయనకు పేరు తెగకుండా కనిపించాలి.

ప్రశ్న: ఆండ్రాయిడ్ యాప్‌లో తెర తయారవడం మొదలైనప్పుడు నడిచే ‘ఆన్‌క్రియేట్’లో టెక్స్ట్ వెడల్పు అడిగితే 0 వస్తోంది.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఆ సమయానికి తెర మీద దేనికీ చోటు కేటాయించడం జరగదు. కోట్లిన్ భాషలో, చోటు కేటాయించాక నడిచే ‘డూఆన్‌లేఅవుట్’ లోపల అడగండి, అసలు వెడల్పు వస్తుంది. తర్వాత పదం మారిస్తే మళ్లీ అక్కడే అడగాలి.