కిటికీలు కడిగే వ్యానుకు ఏ పంపు కొనాలి? వాయిదాల్లో కొనవచ్చా?

ప్రశ్న: వ్యానులో 400 లీటర్ల ట్యాంకు అమర్చుకొని, శుద్ధి చేసిన నీటిని పొడవాటి గడ చివరనున్న బ్రష్షుకు పంపి కిటికీ అద్దాలు కడిగే పని ఒక్కడినే చేసుకుంటున్నాను. ఎక్కువగా రెండు, మూడు అంతస్తుల భవనాలు. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లున్న పైపు 100 మీటర్లు ఉంది. ఇప్పుడున్న పంపు తరచూ మొరాయిస్తోంది, పై అంతస్తుకు నీరు సన్నగా వస్తోంది. మధ్యరకం పంపు, అంటే నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు (లోపలి రబ్బరు పొర కదలికతో నీటిని తోసేది) ధర నా ఒక రోజు రాబడిలో సగం. అంతే సామర్థ్యం ఉందని చెబుతున్న ఊరూపేరూ లేని పంపు అందులో సగం ధరకే వస్తుంది. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పెద్ద పంపు ధర మధ్యరకానికి మూడు రెట్లు, దాన్ని 12 నెలల వాయిదాల్లో ఇస్తామంటున్నారు. పెద్ద పంపుకూ మధ్యరకానికీ గరిష్ఠ పీడనం 100 పీఎస్‌ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) అనే రాసి ఉంది. వచ్చే ఏడాది ఒక మనిషిని పనిలో పెట్టుకోవాలనుకుంటున్నాను. ఏది కొనమంటారు?

జవాబు: మధ్యరకం పంపు కొనండి, నగదు ఇచ్చి కొనండి, చేతిలో డబ్బుంటే అదే రకానివి రెండు కొనండి. పెద్ద పంపుకు అప్పు చేయవలసిన అవసరం మీ పనిలో నాకు కనిపించడం లేదు. అయితే ఏ పంపు కొనేముందైనా నీరు సన్నగా రావడానికి అసలు కారణం తేల్చుకోవాలి, ఎందుకంటే మీరు రాసిన వివరాలను బట్టి అనుమానం పంపు మీద కన్నా పైపు మీదే ఎక్కువగా ఉంది.

నీటిని 10 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన పీడనం సుమారు 1 బార్, అంటే 14 పీఎస్‌ఐ కన్నా కాస్త ఎక్కువ. మూడో అంతస్తు కిటికీకి అంతకు మించి అక్కరలేదు. పీడనాన్ని నిజంగా మింగేది సన్నని పైపులో జరిగే రాపిడి. లోపల నునుపుగా ఉన్న 6 మిల్లీమీటర్ల పైపులో నిమిషానికి 2 లీటర్ల నీరు 100 మీటర్ల దూరం పోతే దాదాపు 4 బార్లు దారిలోనే ఖర్చవుతాయి. అదే నీరు 8 మిల్లీమీటర్ల పైపులో పోతే ఆ నష్టం సుమారు 1 బార్‌కు తగ్గుతుంది. చక్రానికి చుట్టి ఉన్న పైపు కూడా ఈ లెక్కలోకి వస్తుందని చాలామంది గమనించరు. వ్యాను పక్కనే నిలబడి కడుగుతున్నా నీరు ఆ 100 మీటర్ల చుట్లన్నీ తిరిగే బయటికి రావాలి. 100 పీఎస్‌ఐ అంటే దాదాపు 7 బార్లు. రాపిడికి 4, ఎత్తుకు 1, బిగింపుల దగ్గర, బ్రష్షు రంధ్రాల దగ్గర మరికొంత పోతే మధ్యరకం పంపు తన శక్తి అంచుల్లో పనిచేస్తున్నట్టే. డయాఫ్రమ్ పంపు మీద రాసి ఉండే 5 లీటర్లు ఎదురు పీడనం లేనప్పుడు వచ్చే నీరు; పీడనం పెరిగే కొద్దీ అది తగ్గిపోతుంది.

పెద్ద పంపు ఈ చిక్కును తీర్చలేదు. ఒకే పైపులో ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే రాపిడి నష్టం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి, మీ పైపులో నిమిషానికి 4 లీటర్లు పంపాలంటే 13 బార్ల దాకా కావాలి. ఆ పంపు గరిష్ఠ పీడనం కూడా 7 బార్లే అయినప్పుడు మిగతా సామర్థ్యమంతా మీరు డబ్బు పెట్టి కొని వాడుకోలేనిది. పైగా అద్దాలు కడగడానికి బ్రష్షు దగ్గర నిమిషానికి లీటరున్నర, రెండు లీటర్లు వస్తే సాధారణంగా చాలు. 15 లీటర్ల చొప్పున నీరు నిజంగానే వస్తే మీ 400 లీటర్ల ట్యాంకు అరగంటలోపే ఖాళీ అవుతుంది. 2 లీటర్ల చొప్పున వాడితే మూడు గంటలకు పైగా వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. పాత పంపు నడుస్తున్న సమయం చూసి, పైపు విప్పేసి పంపు నుంచి నేరుగా బకెట్లోకి నిమిషం పాటు నీరు పట్టి కొలవండి. తరువాత పైపు, గడ, బ్రష్షు తగిలించి, గడను పై అంతస్తు ఎత్తుకు లేపి పట్టుకుంటే బ్రష్షు నుంచి ఎంత నీరు వస్తుందో చూడండి. అక్కడ కొలవడం కష్టమైతే బ్రష్షును నేల మీదే ఉంచి కొలిచినా పైపు సంగతి బయటపడుతుంది. నేరుగా 4, 5 లీటర్లు వచ్చి బ్రష్షు దగ్గర లీటరు కూడా రాకపోతే తప్పు పైపుది, లేదా మూసుకుపోయిన బ్రష్షు రంధ్రాలది. నేరుగానే తక్కువ వస్తే పంపు లోనికి నీరు వచ్చే చోట ఉండే చిన్న జల్లెడను విప్పి చూడండి. ట్యాంకుకు రంధ్రం చేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ తురుము అక్కడ పేరుకొని ఉండటం మామూలే. అందులో ఒక్క రవ్వ జల్లెడ దాటి వాల్వు కింద ఇరుక్కున్నా మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది గాని పీడనం లేవదు. అక్కడా ఏమీ లేకపోతే పంపు తిరుగుతుండగా దాని తీగల చివర్ల దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి పంపు దగ్గర 11కు పడిపోతుంటే తీగలు సన్నవని గాని, బిగింపులు తుప్పు పట్టాయని గాని అర్థం. ఈ మూడింటిలో ఏది బయటపడినా మీకు కొత్త పంపు ఖర్చే తప్పవచ్చు.

లోపం పైపుదే అయితే, మీ పనుల్లో ఎంత పొడవు నిజంగా అవసరమవుతోందో చూసుకోండి. 60 మీటర్లు చాలుననుకుంటే మిగతా 40 మీటర్లను వేరుచేసి, దూరం పనులకు మాత్రం జోడించుకునేలా బిగింపు పెట్టించుకోండి. రాపిడి పొడవును బట్టే ఉంటుంది గనుక 4 బార్ల నష్టం 2.4 బార్లకు దిగుతుంది. అది చాలకపోతే 8 మిల్లీమీటర్ల పైపుకు మారండి. అది కొంచెం బరువే, లాగేటప్పుడు చేతికి తెలుస్తుంది, కాని పెద్ద పంపు ఇవ్వలేని నీటిని ఇస్తుంది. కొనేటప్పుడు లోపలి వ్యాసం ఎంతో అడగండి. కొన్ని పైపుల మీద బయటి వ్యాసమే రాసి ఉంటుంది.

ఇక చవక పంపు సంగతి. దాన్ని కొంటే మీకు మిగిలేది ఒక రోజు రాబడిలో పావు వంతు. అది చెడిపోయి మీ పని అదనంగా ఒక్క రోజు ఆగినా, మిగిలినదానికి నాలుగు రెట్లు పోతుంది. మంచి పంపుకు డయాఫ్రమ్, వాల్వులు, ప్రెషర్ స్విచ్ (పీడనాన్ని బట్టి మోటారును ఆపి, నడిపించేది) విడిగా దొరుకుతాయి కాబట్టి మోటారు బాగున్నంత కాలం ఆ భాగాలను మార్చుకుంటూ వాడుకోవచ్చు. పేరులేని పంపుకు ఆ భాగాలు దొరుకుతాయన్న భరోసా ఉండదు, చెడితే మొత్తం పారేయాల్సిందే. మీ వృత్తిలో పంపు అసలు ఖరీదు దాని ధర కాదు, అది ఆగిన రోజు మీరు వదులుకునే రాబడి. అందుకే రెండు పంపులు కొనమన్నాను. రెండూ కలిపినా ఒక రోజు రాబడే అవుతుంది, పెద్ద పంపు ఒక్కదానికే రోజున్నర రాబడి పోతుంది. రెండో దాన్ని పెట్టెలో దాచకుండా ట్యాంకు పక్కనే బిగించి, గొట్టం, తీగలు, ఫ్యూజు అన్నీ సిద్ధం చేసి ఉంచండి. వచ్చే ఏడాది మనిషిని పెట్టుకున్నప్పుడు అదే ఆయన పంపు అవుతుంది, అప్పుడు అదనపు పంపు మరొకటి కొనుక్కోవచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద పంపు పెడితే ఒకరు నీరు ఆపినప్పుడల్లా రెండో వారి బ్రష్షు దగ్గర ప్రవాహం మారుతుంది, పంపు చెడితే ఇద్దరి పనీ ఆగుతుంది.

పెద్ద పంపు మానుకుంటే మిగిలే సగం రోజు రాబడిని పంపు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్‌కు కేటాయించండి. అది లేకుంటే మీరు నీరు ఆపిన ప్రతిసారీ ప్రెషర్ స్విచ్ టకటకా కొట్టుకుంటూ మోటారును ఆపి, మళ్లీ నడిపిస్తుంటుంది, స్విచ్ త్వరగా అరిగిపోతుంది. మంచి కంట్రోలర్ బ్యాటరీ మరీ దిగిపోకముందే పంపును ఆపేస్తుంది కూడా. మామూలు లెడ్ బ్యాటరీని సగానికన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మీరు వాడుకోదగినది 50 మాత్రమే. పంపు సగటున 5 ఆంపియర్లు తీసుకుంటూ 4 గంటలు నడిస్తే 20 సరిపోతాయి. ఎక్కువ నీరు తోడే పెద్ద మోటారుకు ఎక్కువ కరెంటు కావాలి గనుక దాని వెనకాలే పెద్ద బ్యాటరీ ఖర్చు కూడా వస్తుంది. ఆ మాట పంపు ధరల పట్టికలో ఉండదు.

వాయిదాల విషయంలో ఒక్కటి గమనించండి. మొత్తం అసలు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అని చెప్పి, 12 సమాన వాయిదాల్లో కట్టించుకుంటే, తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్క కట్టినప్పుడు అది దాదాపు 21 శాతానికి పైగానే అవుతుంది, ఎందుకంటే ప్రతి నెలా మీరు అసలులో కొంత తీర్చేస్తున్నా వడ్డీ మాత్రం మొదటి అసలు మీదే పడుతోంది. వడ్డీ లేదన్నా సరే, దస్తావేజుల రుసుము ఎంత, నగదుకు తగ్గించి ఇచ్చే ధర ఎంత అని అడిగి, ఆ రెండూ కలిపి చూడండి. రోజున్నర రాబడికి ఏడాది పాటు బాకీ మోయడం, అందులోనూ వానకాలంలో పని తగ్గే వృత్తిలో, నేను సమర్థించలేను.

నగదు చాలకపోతే ఇప్పుడు ఒక పంపే కొనండి. రెండోదానికి ప్రతి వారం రాబడిలోంచి కొంత వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆ ఖాతాను తరువాత కూడా మూయకండి: పంపుకు రెండేళ్లు, బ్యాటరీకి మూడేళ్లు అని మీరే ఒక ఆయుష్షు అనుకొని, పైపు, బ్రష్షు, నీరు శుద్ధి చేసే రెజిన్ వరకు అన్నింటి ధరలను వాటి నెలలతో భాగించి వచ్చిన మొత్తాన్ని అందులో జమ చేస్తూ పోతే, ఇకమీదట ఏది చెడినా అప్పు మాట రాదు. కొన్న ప్రతిదాని బిల్లూ వ్యాపార ఖర్చుల ఫైలులో ఉంచండి. ట్యాంకు నిండా నీరుంటే 400 కిలోలు, దానికి ట్యాంకు, పైపు చక్రం, ఇద్దరు మనుషులు కలిస్తే మీ వ్యాను మోయదగిన బరువు దాటుతుందేమో వ్యాను పత్రాల్లో చూసుకొని, ట్యాంకు అమర్చిన సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేశారో లేదో మనిషిని పెట్టుకునేలోపు సరిచూసుకోండి.