లువార్ లోయ కోటలు చూడబోయే ముందు

అమ్మడూ,

ఫ్రాన్సులోని లువార్ నది లోయ కోటలు చూడ్డానికి నాలుగు రోజులు సెలవు దొరికిందని రాశావు, చాలా సంతోషం. కానీ నువ్వు పంపిన జాబితా చూశాక వెంటనే జవాబు రాయక తప్పలేదు. నాలుగు రోజుల్లో పద్నాలుగు కోటలు కుదరవమ్మా. రోజుకు రెండే పెట్టుకో. పొద్దున ఒక పెద్దది, భోజనం అయ్యాక ఒక చిన్నది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి కాళ్ళ సంగతి అటుంచి, కళ్ళకే ఓపిక అయిపోతుంది. అన్ని మెట్లూ ఒకేలా, గదుల్లో చలి కాచుకునే పొయ్యిలన్నీ ఒకేలా కనబడతాయి. షాంబోర్‌కు మూడు గంటలు, షెనోన్సోకు తోటలతో కలిపి రెండున్నర, లాంజే, అజే-ల-రిదో లాంటి వాటికి గంటన్నర చొప్పున వేసుకో. ప్రయాణం దీనికి అదనం.

వరస కూడా మార్చు. అందరూ పేరున్నది కాబట్టి షాంబోర్‌తో మొదలుపెడతారు. అది చూశాక మిగతావన్నీ చిన్నగా అనిపించి, వాటిని సరిగ్గా చూడబుద్ధి కాదు. ఈ లోయలో చూడవలసిన అసలు సంగతి ఒకటుంది: యుద్ధం కోసం కట్టిన కోట మెల్లమెల్లగా మనుషులు సుఖంగా ఉండే ఇల్లుగా ఎలా మారింది అన్నది. ఇంగ్లండుతో సాగిన నూరేళ్ళ యుద్ధం 1453లో ముగిసింది. ఫిరంగులు వచ్చాక ఎత్తయిన గోడలకు పని తగ్గింది. రాజులు లువార్ ఒడ్డునే కొలువు తీరేవారు కాబట్టి మంత్రులు, కోశాధికారులు కూడా ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ మార్పు కంటికి కనబడాలంటే కట్టిన కాలం వరసలో చూడాలి.

అందుకే మొదటి రోజు పొద్దున లాంజేకు వెళ్ళు. తూర్ పట్నం నుంచి రైలుంది, దిగాక నడిచి వెళ్ళొచ్చు. లోపలికి పోకముందు వీధిలోనే ఐదు నిమిషాలు నిలబడు. ఎత్తుడు వంతెన, గుండ్రటి బురుజులు, గోడ పైఅంచున బయటికి పొడుచుకొచ్చిన నడవ, అంతా కోటే. తర్వాత గుమ్మం దాటి లోపలి పెరట్లోకి వెళ్ళి వెనక్కి తిరిగి అదే కట్టడాన్ని చూడు. ఇటువైపు రాతి అడ్డకమ్ములున్న పెద్ద కిటికీలు, చెక్కిన గుమ్మాలు, హాయిగా ఉండే ఇల్లు. పదకొండో లూయీ రాజు 1465లో మొదలుపెట్టించిన ఒకే కట్టడానికి రెండు ముఖాలున్నాయన్నమాట. పైకెక్కాక ఆ నడవ మీద నడుస్తూ నేలలో ఉన్న కంతల్లోంచి కిందికి చూడు. గోడ మొదట్లోకి చేరిన శత్రువు మీద రాళ్ళు పడెయ్యడానికి పెట్టినవి అవి. తోటలో గుట్ట మీద ఇంకా పాతది, పదో శతాబ్దం చివర ఆంజూ ప్రభువు ఫుల్క్ నెర్రా కట్టించిన రాతి బురుజు శిథిలం ఉంది. చాలామంది అంత దూరం నడవకుండానే వెళ్ళిపోతారు. నువ్వు మాత్రం తప్పకుండా వెళ్ళు. ఫ్రాన్సు రాజు ఎనిమిదో షార్ల్‌కు, బ్రిటనీని ఏలే డచెస్ ఆన్‌కు 1491 డిసెంబరు 6న పెళ్ళి జరిగింది ఈ లాంజే కోటలోనే.

మధ్యాహ్నం అజే-ల-రిదో. దీన్ని జిల్ బెర్తెలో అనే కోశాధికారి 1518లో మొదలుపెట్టాడు. పనులు దగ్గరుండి చూసుకున్నది ఆయన భార్య. రాజు కోపానికి భయపడి 1527లో ఆయన పారిపోయాక ఇల్లు పూర్తికాకుండానే మిగిలిపోయింది. ఇక్కడ కూడా మూలల్లో బురుజులు, పైన నడవ కనబడతాయి. ఉదయం లాంజేలో చూసి ఉంటావు కాబట్టి ఇవి అలంకారానికే అని ఇట్టే పట్టేస్తావు. మెట్లు మరీ ముఖ్యం. చుట్లు తిరిగే మెట్లు కావు, తిన్నగా పైకెక్కి, మలుపు తిరిగి, మళ్ళీ తిన్నగా సాగేవి. ఆ రోజుల్లో ఫ్రాన్సులో అది కొత్త. గుమ్మం పైన చెక్కిన బల్లిలాంటి సాలమాండర్ అప్పటి రాజు మొదటి ఫ్రాన్సువా గుర్తు, పక్కన ఎర్మిన్ అనే చిన్న జంతువు ఆయన రాణి క్లోద్ గుర్తు. పైకప్పు కింద అటకలోకి కూడా వెళ్ళనిస్తారు. ఆ ఓక్ దూలాల అల్లిక చూడకుండా రాకు. అజే స్టేషన్ నుంచి కోట రెండు కిలోమీటర్ల దూరం ఉంటుంది. తిరుగు రైళ్ళు తక్కువ, వెళ్ళేముందే వేళ రాసుకో.

ఈ గుర్తులు నేర్చుకుంటే సగం కోట చదివినట్టే. సాలమాండర్ కనబడితే మొదటి ఫ్రాన్సువా, ముళ్ళపంది కనబడితే పన్నెండో లూయీ, ఎర్మిన్ తోకలు కనబడితే బ్రిటనీ ఆన్ లేదా ఆమె కూతురు క్లోద్. గోడ మీద, పొయ్యి మీద, పైకప్పు పలకల మీద ఇవే కనబడతాయి. ఏ భాగం ఎవరి హయాంలో కట్టారో బోర్డు చదవకుండానే చెప్పగలుగుతావు. అయితే ఒక జాగ్రత్త. 19వ శతాబ్దంలో మరమ్మతులు చేసినప్పుడు కొన్ని గుర్తులు కొత్తగా చెక్కారు, రంగులు మళ్ళీ వేశారు. అంచులు మరీ పదునుగా, రంగు మరీ నిండుగా ఉంటే అది ఆ కాలపు పని అయి ఉండొచ్చని అనుమానించు.

రెండో రోజు బ్లువా, షాంబోర్. బ్లువా కోట స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. దాని పెరటి మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగితే నాలుగు కాలాలు కనబడతాయి: 13వ శతాబ్దపు సభామందిరం, ఇటుక, రాయి కలిపి కట్టిన పన్నెండో లూయీ భాగం, బయటికి తెరుచుకున్న ఎనిమిది కోణాల మెట్ల గోపురంతో మొదటి ఫ్రాన్సువా భాగం, వాస్తుశిల్పి ఫ్రాన్సువా మాన్సార్ గీసిన, రాజు తమ్ముడు గాస్తోన్ దొర్లెయాన్ భాగం. ఈ లోయ మొత్తంలో ఒక్క చోటే చూసే వీలుంటే నేను బ్లువానే చూడమంటాను. 1588 డిసెంబరు 23న గీజ్ ప్రభువును రాజు మూడో హెన్రీయే చంపించింది ఈ కోటలోనే. ఆ గదుల దగ్గర జనం మూగి ఉంటారు. అక్కడ తోసుకోవడం కంటే ముందు పెరడు తీరిగ్గా చూడు.

బ్లువా నుంచి షాంబోర్‌కు సీజనులో బస్సుంటుంది, రోజుకు కొన్ని ట్రిప్పులే. దాని అడవి చుట్టూ ఉన్న గోడ పొడవే 32 కిలోమీటర్లు, కోట లోపల 282 పొయ్యిలు. అంత పెద్దదాన్ని గది గదికీ తిరిగి చూడాలనుకోకు. ముందు నడిమి మెట్ల దగ్గరికి పో. నాలుగు హాళ్ళు శిలువలా కలిసే చోట, ఒకే బోలు స్తంభం చుట్టూ రెండు మెట్ల వరసలు తిరుగుతాయి. స్నేహితురాలిని ఒక వరసలో పంపి, నువ్వు రెండోదాంట్లో ఎక్కు. మధ్యనున్న కిటికీల్లోంచి ఒకరికొకరు కనబడతారు, కలుసుకోరు. వీటిని లియొనార్దో దా విన్చీ గీశాడని అందరూ చెబుతారు. ఆయన 1519 మే 2న అంబువాజ్‌లో చనిపోయాడు, కట్టమని రాజు ఆజ్ఞ ఇచ్చింది అదే ఏడాది సెప్టెంబరులో. ఆయన ఆలోచన ప్రభావం ఉండొచ్చు గానీ గీశాడనడానికి పత్రం లేదు. తర్వాత రెండో అంతస్తులో F అక్షరాలు, సాలమాండర్లు చెక్కిన రాతి కప్పు చూసి, మేడ మీదికెక్కి పొగగొట్టాల మధ్య తిరుగు. లోపల వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, స్వెట్టర్ ఉంచుకో.

షాంబోర్‌లో గదులు ఖాళీగా ఉన్నాయని కొందరు నిరాశపడతారు. మొదటి ఫ్రాన్సువా అక్కడ ఉన్నది మొత్తం కలిపి కొన్ని వారాలే. కొలువు ఊరూరా తిరిగేది. మంచాలు, పెట్టెలు, గోడలకు కట్టే బొమ్మల తెరలు బండ్ల మీద వెంట వచ్చి, రాజు కదిలినప్పుడు మళ్ళీ కదిలిపోయేవి. తరువాతి కాలంలో చేరిన సామాను ఫ్రెంచి విప్లవకాలంలో వేలానికి పోయింది. కాబట్టి ఖాళీ గది అబద్ధం చెప్పడం లేదు. నిండుగా అమర్చిన గదిలోనే అడగాలి, ఈ మంచం ఈ ఇంటిదేనా, తర్వాత కొని పెట్టినదా అని. సామానుతో ఉన్న ఇల్లే చూడాలనుంటే షెవెర్నీకి వెళ్ళు. శతాబ్దాలుగా ఒకే వంశం చేతిలో ఉంది, 1922 నుంచి జనానికి తెరిచి ఉంచారు.

మూడో రోజు షెనోన్సో. తూర్ నుంచి అరగంట రైలు, గేటు స్టేషన్ పక్కనే. తెరిచే వేళకు అక్కడుండు, లేదా మూసే ముందు రెండు గంటలకు చేరు. మధ్యలో టూరు బస్సులు దిగుతాయి. కోటను ఆనుకుని షేర్ నదిపై ఉన్న వంతెన రెండో హెన్రీ రాజు ప్రియురాలు దియాన్ ద పువాతియే కట్టించింది, దాని మీద 60 మీటర్ల గ్యాలరీ ఆయన రాణి కేథరిన్ ద మెదిచి వేయించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ గ్యాలరీ ఆసుపత్రి. రెండో యుద్ధంలో షేర్ నదే సరిహద్దు రేఖ, ఇవతలి ఒడ్డున జర్మన్లు, అవతలి తలుపు దాటితే వాళ్ళ ఆక్రమణ లేని నేల. వంటిళ్ళు కింద, వంతెన కాళ్ళలోనే ఉన్నాయి. అక్కడ జనం తక్కువ, పనితనం ఎక్కువ.

నాలుగో రోజు విలాండ్రీకి సైకిల్ మీద వెళ్ళమంటాను. తూర్ నుంచి నది ఒడ్డునే చదును దారి. ఎదురుగాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి పోయేటప్పుడే ఎక్కువ ఓపిక కావాలి. తోటలోకి దిగకముందు పై మట్టం నుంచి చూడు, తొమ్మిది చదరాల కూరగాయల తోట అప్పుడే అర్థమవుతుంది. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, వేసవికి ఒకసారి నాటుతారు. రెండు నాట్ల మధ్య వెళితే కొన్ని మళ్ళు బోసిగా ఉంటాయి. 1906లో దీన్ని కొని తోటలను తిరిగి నిలబెట్టింది ఝొవాకిమ్ కార్వాలో.

ఇక రాయి సంగతి. ఈ కట్టడాలన్నీ తుఫో అనే మెత్తని తెల్ల సున్నపురాయితో కట్టినవి. కత్తికి నానిన సుద్దలా లొంగుతుంది, అందుకే అంత సన్నని చెక్కడం సాధ్యమైంది. అందుకే చెడిపోవడం కూడా. నీళ్ళు పీల్చుకుని, పైపొర పలకలుగా ఊడిపోతుంది. నీ బ్యాగు గోడకు రాసుకుంటే చాలు, పొడి రాలుతుంది. స్తంభానికి ఆనుకోవద్దు, చెక్కడం మీద వేలు పెట్టొద్దు. చుట్టు మెట్ల మీద అడుగు బయటి గోడ వైపు వెయ్యి, లోపలి వైపు మెట్టు సన్నగా ఉంటుంది. పట్టున్న చెప్పులు వేసుకో. వాన పడ్డ రోజు అరిగిన మెట్లు బాగా జారతాయి. పెద్ద వీపు సంచులు లోపలికి రానివ్వని చోట్లున్నాయి, చిన్నదే తీసుకెళ్ళు.

టికెట్ల విషయంలో నీకో లాభం ఉంది. నీకు ఇంకా 26 రాలేదు, ఫ్రాన్సులో చట్టప్రకారం నివాసం ఉంటున్నావు. ప్రభుత్వం చేతిలో ఉన్న జాతీయ కట్టడాల్లో నీలాంటివాళ్ళకు ప్రవేశం ఉచితం. అజే అలాంటిదే. పాస్‌పోర్టు, దీర్ఘకాల వీసా లేదా నివాస కార్డు అసలువే వెంట పెట్టుకో. ఫోనులో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. షెనోన్సో, విలాండ్రీ, షెవెర్నీ ప్రైవేటువి, అక్కడ ఇది వర్తించదు, విద్యార్థి రాయితీ అడుగు. ఎక్కడైనా చివరి ప్రవేశం మూసే వేళకు అరగంటో గంటో ముందే ఆగిపోతుంది. బోర్డు మీద ఉన్న మూసే వేళను నమ్ముకుని వెళ్ళి గేటు బయటే నిలబడిపోయేవాళ్ళు చాలామంది.

పారిస్ మోన్‌పర్నాస్ నుంచి వచ్చే టీజీవీలు (వేగం రైళ్ళు) చాలావరకు తూర్ ఊళ్ళోకి రావు, సాన్-పియేర్-దె-కోర్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి ఐదు నిమిషాల లోకల్ రైలు. టికెట్ తూర్ వరకు తీసుకుంటే అదీ కలిసే వస్తుంది. పల్లె బస్సులు ఎక్కువగా బడి పిల్లల కోసం నడుస్తాయి, ఆదివారాల్లో, బడి సెలవుల్లో చాలా మార్గాల్లో ఉండవు. కారు తీసుకుంటే ఊరి బయట సాధారణ రోడ్డు మీద వేగం 80, ఊళ్ళో 50 దాటకూడదు, గుర్తు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి. భోజనం 12 నుంచి 2 లోపే. ఆ తర్వాత పల్లెల్లో వంటగది మూసేస్తారు. రొట్టె, చీజు, పండ్లు సంచిలో ఉంచుకో.

ఇక నువ్వు అడిగిన చిన్న ప్రభువుల ఇళ్ళు. ఊరి చివర చెట్ల మధ్య కనబడే వాటిలో చాలావాటిలో ఇంకా కుటుంబాలే ఉంటున్నాయి. అవి వేసవిలోనే ఎందుకు తెరుస్తారో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. రక్షిత కట్టడాన్ని జనానికి తెరిచి ఉంచితే యజమానికి మరమ్మతు ఖర్చుల మీద పన్ను వెసులుబాటు పెరుగుతుంది. దానికి లెక్క ఉంది: ఏడాదికి 50 రోజులు, అందులో 25 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య వచ్చే సెలవు రోజులై ఉండాలి, లేదంటే జులై నుంచి సెప్టెంబరు లోపు 40 రోజులు. అందుకే చాలామంది ఆ మూడు నెలల్లోనే, అదీ మధ్యాహ్నాలు మాత్రమే తెరుస్తారు. వేళలు ఊరి టూరిజం ఆఫీసులో అడుగు, వాళ్ళ దగ్గర తాజా పట్టీ ఉంటుంది. సెప్టెంబరు మూడో శనాదివారాల్లో వచ్చే వారసత్వ దినాల్లో మామూలుగా మూసి ఉండేవి కూడా కొన్ని తెరుస్తారు.

అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు ముందు బోంజూర్ (నమస్కారం) చెప్పు, ఆ తర్వాతే ఏదైనా అడుగు. చూపించేది యజమానే కావచ్చు. ఫొటో తీసేముందు అడుగు, లోపల చాలాచోట్ల వద్దంటారు. నోట్లు, చిల్లర ఉంచుకో, కార్డు తీసుకోకపోవచ్చు. పైకప్పు గురించి అడిగి చూడు. పలకరాయి ఎక్కడినుంచి తెప్పించారు, ఎన్నేళ్ళకొకసారి మార్చాలి అని. గైడుబుక్కులో లేని సంగతులు అప్పుడు బయటికొస్తాయి.

ఏ నెలలో వెళ్తున్నావో రాయలేదు. మే, జూన్, సెప్టెంబరు అయితే మంచిది. నవంబరు నుంచి మార్చి వరకైతే పెద్దవి తప్ప మిగతావి మూసే ఉంటాయి. తేదీలు ఖాయం కాగానే రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న