సగటు లెక్క నమ్మి ప్లాను వేయకు

అంబత్తూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీపెరంబుదూరులో ప్రొడక్షన్ ప్లానింగ్ విభాగంలో చేరావని మీ అమ్మ చెప్పగానే కడుపు నిండింది. ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే. ప్లాను వేయడానికి ఏ ఆల్గారిథమ్ (లెక్క తేల్చే పద్ధతి) వాడితే మంచిదని అడిగావు. దానికి ముందు ఒక వారం యంత్రాలు నడిచే షాప్‌ఫ్లోర్ మీద నిలబడు.

పెయింట్ షాపుకు నేను మొదటిసారి ప్లాను వేసినప్పుడు రంగు మార్పుకు సగటున 25 నిమిషాలని రాసుకున్నాను. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. మూడో రోజుకే సరుకు అందక రెండు లారీలు గేటు దగ్గర నిలిచిపోయాయి. సూపర్‌వైజరు నన్ను స్ప్రే గన్ దగ్గరికి తీసుకెళ్లారు. తెలుపు తర్వాత నలుపు వేయాలంటే గొట్టంలోకి ఒకసారి థిన్నర్ వదిలితే చాలు, 10 నిమిషాలు. నలుపు తర్వాత తెలుపంటే గన్ విప్పాలి, కడగాలి, బయటికొచ్చే థిన్నర్ తెల్లగుడ్డ మీద మరక పడటం ఆగేవరకు వదులుతూనే ఉండాలి. 40 నిమిషాలు! నేను రాసుకున్న 25 ఆ గదిలో ఎక్కడా లేదు. ఏ రంగు నుంచి ఏ రంగుకు ఎంతసేపో పట్టిక రాసి, లేత రంగుల నుంచి ముదురు రంగులకు వరుస పెట్టాక, అదే మనుషులతో అదే పని సమయానికి పూర్తయింది.

1938లో లెనిన్‌గ్రాడ్‌లో గణితవేత్త కాంటరోవిచ్ ముందుకు వచ్చింది కూడా ఇలాంటి చిక్కే: ప్లైవుడ్ కర్మాగారంలో ఏ యంత్రానికి ఏ కలప ఇవ్వాలి? ఉన్న వనరులను ఎలా పంచితే ఎక్కువ ఫలితమో తేల్చే లెక్క, లీనియర్ ప్రోగ్రామింగ్, అక్కడే మొలకెత్తింది. ఆ లెక్క చేయడానికి 1947లో అమెరికా గణితవేత్త డాంట్‌జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి నేటికీ పనికొస్తోంది. గంటలను, టన్నులను పంచడానికి అది చాలు. యంత్రాన్ని మరో పనికి సిద్ధం చేసే సెటప్ మాత్రం సగం చేయలేం కదా, అలాంటి చోట జవాబు భిన్నాల్లో రాకుండా చూసే పూర్ణాంకాల పద్ధతికి వెళ్లాలి.

జవాబు రాగానే మొత్తం ఖర్చు చూసి ఊరుకోకు. షాడో ప్రైస్ చూడు. ఒక యంత్రానికి ఇంకో గంట దొరికితే ఎంత మిగులుతుందో చెప్పే అంకె అది. ఓవర్‌టైము అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లేటప్పుడు నీ చేతిలో ఉండవలసింది అదే.

లారీల సంగతి వేరు. ఒక్క బండి 10 చోట్ల దించాలంటే 36,28,800 వరుసలున్నాయి. 15 చోట్లయితే లక్షా ముప్పై వేల కోట్లు దాటుతాయి. అన్నీ వెతకనక్కరలేదు, ఏ రెండు చోట్లను ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం ఆదా అవుతుందో చూసే 1964 నాటి క్లార్క్–రైట్ పద్ధతితో మొదలుపెట్టు. అయితే నగరంలోకి లారీలను రానివ్వని వేళలు, నవంబరు వానలకు నీళ్లు నిలిచే దారులు డ్రైవర్లను అడిగి ముందే రాసుకో.

ఇంకొక్కటి. రోజూ ప్లాను మార్చి జనాన్ని తిప్పలు పెట్టకు. రాబోయే మూడు రోజులది కదపకుండా, ఆ తర్వాతిదే మళ్లీ లెక్కించు.

మీ ఫ్యాక్టరీలోనూ ఏ పని నుంచి ఏ పనికి మారడానికి ఎంతసేపో పట్టిక రాసుకుని ఆదివారం ఇంటికి తీసుకురా. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య