ప్రసంగం నేను వ్రాసి ఇవ్వను

ముమ్మిడివరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను, అమ్మమ్మ క్షేమం. మీ ప్రసంగాల క్లబ్బు కాకినాడలో పెడుతున్న పోటీకి నువ్వు పేరు ఇచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే, అమ్మమ్మను పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించుకుని విన్నాను. మన ఇంటి పిల్ల నలుగురి ముందు నిలబడి మాట్లాడబోతోందని నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. అయితే ‘తాతయ్య తెలుగు మాస్టారు కదా, ప్రసంగం ఆయనే వ్రాసి ఇస్తారు’ అని నువ్వు నిశ్చింతగా ఉన్నావని కూడా అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వ్రాసి ఇవ్వను, తల్లీ. ఎందుకు ఇవ్వనో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ పోటీ, నలుగురిలో మాట్లాడడం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ సంస్థ పద్ధతిలో జరుగుతుందట. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఆ సంస్థలో 18 ఏళ్లు నిండనివారికి సభ్యత్వం లేదు కనుక, మీ ఈడువారికి గావెల్ క్లబ్బులు ఉన్నాయని మీ అమ్మ వివరించింది. నిబంధనలు కూడా చదివి వినిపించింది. 5 నుంచి 7 నిమిషాలు మాట్లాడాలి. 5 నిమిషాలకు ఆకుపచ్చ, 6కు పసుపు, 7కు ఎరుపు గుర్తు చూపిస్తారు. నాలుగున్నర నిమిషాలకు తగ్గినా ఏడున్నర దాటినా ప్రసంగం లెక్కలోకి రాదు. కాబట్టి ఆరు నిమిషాలకు సరిపడా సిద్ధం చేసుకో. ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పినప్పటికన్నా, సభలో వాళ్లు నవ్వినప్పుడు, చప్పట్లు కొట్టినప్పుడు నువ్వు ఆగవలసి వస్తుంది కనుక, ఆ కాస్త వ్యవధి చేతిలో ఉండాలి. ముందురోజు త్వరగా పడుకో, ఖాళీ కడుపుతో వెళ్లకు, చల్లని నీళ్లు తాగకు.

ఆ నిబంధనలలో నాకు ఎక్కువగా నచ్చినది, ప్రసంగం ఎవరిది వాళ్లే తయారు చేసుకోవాలనీ, ఇతరుల మాటలు నాలుగో వంతుకు మించరాదనీ చెప్పేది. 1994లో ఆ మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

మీ అమ్మ అప్పుడు తొమ్మిదో తరగతి. కాకినాడలోనే వక్తృత్వ పోటీ, అంశం ధవళేశ్వరం ఆనకట్ట. ప్రసంగం నేను వ్రాశాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం గురించి, కాటన్ దొర గురించి, నేను చదివినదంతా అందులో కుక్కి, ‘క్షామపీడిత జనావళికి సస్యశ్యామల సౌభాగ్యాన్ని ప్రసాదించిన అపర భగీరథుడు’ వంటి వాక్యాలతో నింపాను. ఇరవై రోజులు వల్లె వేయించాను. మన పెరటి వెనక పంట కాలువలో ఈత నేర్చిన పిల్ల, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు బురదలో దిగి చేపలు పట్టిన పిల్ల, ఆ కాలువకు నీళ్లిచ్చే ఆనకట్ట గురించి తనకేమనిపిస్తుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

పోటీలో సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. ‘క్షామపీడిత’ అన్నది, మళ్లీ అదే అన్నది, తరువాత మాట రాలేదు. కాసేపు ఊరుకుని ఉంటే తనంతట తానే ఎలాగో దాటి ఉండేదేమో. ముందు వరుసలో కూర్చున్న నేను పట్టలేక ‘జనావళికి’ అని పైకి అందించాను. బయటినుంచి మాట అందించరాదని మొదట్లోనే చెప్పారు. న్యాయనిర్ణేతలలో ఒకరు కలం కింద పెట్టేశారు. మీ అమ్మ నా వైపు చూసి, నమస్కారం పెట్టి, వేదిక దిగి వచ్చేసింది.

అప్పటికి గోదావరి పాయ గౌతమి మీద యానాం, ఎదురులంకల మధ్య వంతెన లేదు. తిరిగి వచ్చేటప్పుడు, జనాన్ని ఏరు దాటించే పంటు మీద నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పు. ‘అంత తేలిక మాట ఎలా మరచిపోయావు?’ అని పదిమందిలో అడిగాను. ఆ పిల్ల బదులు చెప్పకుండా రేవు వచ్చేదాకా నీళ్లవైపే చూస్తూ కూర్చున్నది. ఆ తరువాత బడిలో ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం లేకపోయింది.

రెండేళ్లకు, 1996 నవంబరు 6న, తుపాను కోనసీమ మీద పడింది. కొబ్బరితోటలు వరుసలకు వరుసలు నేలకొరిగాయి. కొన్నాళ్ల తరువాత బడిలో ఉన్న నిరాశ్రయులను చూడడానికి ఒక అధికారి వచ్చినప్పుడు, పెద్దలందరం ఒకేసారి మాట్లాడుతుంటే ఆయనకు ఏదీ వినపడలేదు. మీ అమ్మ ముందుకు వెళ్లి, కాలువగట్టు వీధిలో ఏ నూతి నీళ్లు పాడయ్యాయో, ఏ ఇంట్లో చంటిపిల్లలున్నారో, బాలింత ఎక్కడ ఉన్నదో, వరుసగా చెప్పింది. మధ్యలో రెండుమూడుసార్లు ఆగి గుర్తు చేసుకున్నది. ఆయన కూడా ఆగి, విన్నారు. మర్నాడు మంచినీళ్ల ట్యాంకరు ముందుగా ఆ వీధికే వచ్చింది. నేను ఒక్క అక్షరం వ్రాసి ఇవ్వలేదు, తల్లీ.

అందుకని నీకు చెబుతున్నాను. నీ కళ్లతో చూసినదే అంశంగా తీసుకో. గోదావరి మీద మాట్లాడాలనుకుంటున్నావట. అలాగైతే ఒక ఆదివారం ధవళేశ్వరం వెళ్లి, లాకుల దగ్గర నీళ్లు ఎలా కాలువల్లోకి మళ్లుతున్నాయో నిలబడి చూసి, నీకు తోచినది తోచినట్టు ఒక కాగితం మీద పెట్టుకో. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ మాత్రం నోటికి రావాలి. మధ్యలో ఉన్నది మాటలుగా కాక, ఒకదాని వెంట ఒకటి వచ్చే విషయాలుగా గుర్తుంచుకో. అర్థం తెలియని మాట ఎంత అందంగా ఉన్నా వాడకు. మాట తట్టకపోతే ఆగి ఊపిరి పీల్చుకో. నీకు చాలాసేపయినట్టు అనిపిస్తుంది గాని, వినేవారికి అది రెండు క్షణాలే. భయంతో ‘అంటే, అంటే’ అనుకుంటూ ఆ ఖాళీని పూడ్చవద్దు. అప్పటికప్పుడు అంశమిచ్చే పోటీలోనైతే ఒకటి నుంచి రెండు నిమిషాలే ఉంటాయి కనుక, ఒకే ఒక్క సంగతి ఎంచుకుని దాని మీదే ఉండు.

అద్దం ముందు సాధన చేయమని చాలామంది చెబుతారు. నాకు అది నచ్చదు. అద్దంలో నిన్ను నువ్వు చూసుకుంటావు గాని, వినేవాళ్లు కనబడరు. మీ అమ్మ ముందు నిలబడి చెప్పు. వంటింట్లో పని చేసుకుంటూ వింటానంటే ఒప్పుకోకుండా, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. ఎక్కడ అర్థం కాలేదో తనను అడుగు, నన్ను కాదు. పంటు మీద జరిగినది నీకు తెలుసునని తనతో చెప్పినా ఫరవాలేదు. ఇన్నేళ్లలో నేను తనకు చెప్పలేకపోయిన క్షమాపణ ఈ ఉత్తరంలో ఉంది. చదవడానికి తనకు కూడా ఇవ్వు.

పోటీనాడు పొద్దున్నే అమ్మమ్మా నేనూ యానాం వంతెన మీదుగా బస్సులో వస్తాము. నేను చివరి వరుసలో కూర్చుంటాను.

ఆశీస్సులతో,
తాతయ్య